అప్‌డేట్: అమ్మ ఛాతీ మంటకు కారణం అకలేషియా

అమ్మకు ఛాతీలో మంట, మింగిన ముద్ద మధ్యలో ఆగినట్టుండటం ఆమ్లాన్ని తగ్గించే పాంటప్రజోల్ మాత్రలతో ఎందుకు తగ్గడం లేదని ఇంతకుముందు అడిగాను. మీలో కొందరు సూచించిన మానోమెట్రీ పరీక్షలో (అన్నవాహికలోని ఒత్తిడిని కొలిచేది) అది రెండవ రకం అకలేషియా అని, అంటే అన్నవాహిక కింది కొసనున్న కండర వలయం సరిగా సడలని జబ్బని తేలింది.

ఎండోస్కోపీలో పెద్దగా ఏమీ కనిపించకపోయినా, బేరియం తాగించి తీసిన ఎక్స్‌రేలో అన్నవాహిక కింది కొస పక్షి ముక్కులా సన్నబడి ఉంది. అన్నవాహిక గోడలోని నాడీకణాలు దెబ్బతిన్నందువల్ల, మింగినప్పుడు సడలవలసిన కండర వలయం బిగుసుకునే ఉంటుందని, పైన నిలిచిన ఆహారం పులిసి మంట పుట్టించవచ్చని, జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తగ్గించే మాత్ర అక్కడ పనిచేయదని డాక్టరు గారు వివరించారు. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నే రిఫ్లక్స్‌లోనేమో ఇదే వలయం అవసరం లేనప్పుడు కూడా సడలుతుంది. దాదాపు వ్యతిరేకమైన ఈ రెండు దోషాలూ ఒకేలాంటి మంటగా బయటపడటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దీర్ఘకాలపు రిఫ్లక్స్ వల్ల కూడా అన్నవాహికలో మచ్చ కట్టి దారి ఇరుకవుతుంది కనుక, మందు పనిచేయనప్పుడు మోతాదు పెంచే ముందు పరీక్ష చేయించడమే సబబనిపిస్తోంది.

ఇక చికిత్స విషయం. ఎండోస్కోప్‌తో లోపలి నుంచే కండరాన్ని కోసే పోయెమ్ తరువాత అసలైన రిఫ్లక్స్ వచ్చే అవకాశం ఎక్కువ. లాపరోస్కోపీ ద్వారా, అంటే పొట్ట మీద చిన్న కోతలు పెట్టి, అదే కండరాన్ని బయటి నుంచి కోసే హెల్లర్ మయోటమీలో జీర్ణాశయపు పైభాగాన్ని కొంత చుట్టి కుడతారు కనుక ఆ బెడద తక్కువ. అమ్మ మాత్రం పొట్ట మీద కోత వద్దంటోంది.