జపాన్ దర్శకుడు మిజోగుచి తీసిన 'చికమత్సు మోనోగతరి' సినిమా చూసినోళ్లు ఉన్నారా?

ప్రశ్న (హన్మకొండ): నిన్న రాత్రి చూసిన, 1954 సినిమా. బివా సరస్సులో మునిగి చద్దామని పడవలో పోతారు కదా, అక్కడ పనివాడు మోహెయి తన ప్రేమ సంగతి చెప్పగానే యజమాని భార్య ఓసాన్ ఇక చావనంటుంది. అంత తొందరగా మనసెలా మారింది?

జవాబు: తొందరేం లేదన్నా. ఓసాన్ మొగుడు, క్యాలెండర్లు అచ్చువేసే ఆ పెద్ద వ్యాపారి, భార్యనేనాడు పట్టించుకున్నాడు? పుట్టింటి అప్పుకు డబ్బు కావాలంటే పనివాడైన మోహెయినే అడగాల్సి వచ్చింది, అక్కడే మొదలైంది గొడవంతా.

జవాబు: ఆ సరస్సు మీది మంచు చూస్తే నాకు చలికాలం పొద్దున పాకాల చెరువు గుర్తొచ్చింది. ఛాయాగ్రాహకుడు మియగవ కెమెరా మరి! చివర్లో ఇద్దర్నీ వీపులు ఆనించి గుర్రంమీద కట్టి శిలువకు తీసుకెళ్తుంటే, ఆ ముఖాల్లో భయమే లేదు.

ప్రశ్న అడిగినాయన: అవును, మా అమ్మ కూడా అక్కడే ఏడ్చింది, సబ్‌టైటిల్స్ చదవకుండానే.