జబ్బు ముదిరింది, జీవన నాణ్యత స్కోరు పెరిగింది: ఎక్కడ చూడాలి?

ప్రశ్న

హీమోడయాలసిస్ మీద ఉన్న 60 మందికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల 26 ప్రశ్నల జీవన నాణ్యత ప్రశ్నావళి, హూకాల్-బ్రెఫ్ ఇచ్చాం. ఆరు నెలల తర్వాత 47 మంది మళ్లీ పూర్తి చేశారు. కేస్ షీట్లు చూస్తే చాలామందికి నీరసం, నొప్పులు పెరిగాయి. స్కోరు మాత్రం శారీరక డొమైన్‌లో (ఒంటి ఆరోగ్యం గురించిన ప్రశ్నల విభాగంలో) సగటున 44 నుంచి 52కి ఎక్కింది. ప్రశ్నావళి ఈ జబ్బుకు పనికిరాదనుకోవాలా?

జవాబు 1

ప్రశ్నావళిని తప్పుపట్టే ముందు లెక్క సరిచూడండి. జవాబులు 1 నుంచి 5 దాకా ఉంటాయి. 3, 4, 26 ప్రశ్నల్లో ఎక్కువ అంకె అంటే పరిస్థితి బాగాలేదని, కాబట్టి వాటిని తిరగేసి లెక్కించాలి, అంటే 6లోంచి జవాబును తీసేయాలి. నాలుగో ప్రశ్న, రోజు గడవడానికి వైద్యం ఎంత అవసరమవుతోందని అడుగుతుంది. డయాలసిస్ మీద ఉన్నవారు 5కి టిక్కు పెట్టడం సహజం. తిరగేస్తే అది 1 అవుతుంది, మరిచిపోతే 5గానే ఉండిపోతుంది. శారీరక డొమైన్‌లో ఉన్నవి 7 ప్రశ్నలే కాబట్టి, ఈ ఒక్క పొరపాటుకే 0–100 స్కేలు మీద ఆ మనిషి స్కోరు 14 పాయింట్లు ఉబ్బుతుంది. రెండు ఫైళ్లూ వేర్వేరు చేతులు ఎంటర్ చేసి ఉంటే ముందు చూడాల్సింది ఇదే.

ఆ తర్వాత, రాని 13 మంది సంగతి. 60 మంది సగటు పక్కన 47 మంది సగటు పెట్టి పోల్చకూడదు. రానివారి మొదటి సగటు 30 అనుకోండి. అప్పుడు మిగిలిన 47 మందికి మొదట్లోనే 48 దాకా ఉన్నట్టు. మీ 8 పాయింట్లలో సగం, ఒక్కరూ మెరుగుపడకుండానే వచ్చేసిందన్నమాట. చనిపోయినవారు, కిడ్నీ మార్పిడి అయినవారు, వేరేచోటికి మారినవారు, విసుగొచ్చి మానేసినవారు: అందరినీ ఒకే ‘మిస్సింగ్’ కోడ్ కింద వేయకండి. ఒక్కో రకం సగటును ఒక్కో వైపు లాగుతుంది.

జవాబు 2

ఇవన్నీ సరిచూశాక కూడా పెరుగుదల మిగిలితే రెస్పాన్స్ షిఫ్ట్‌ను అనుమానించాలి, అంటే తన పరిస్థితిని మనిషి అంచనా వేసుకునే తీరే మారిపోవడం. 1999లో స్ప్రాంగర్స్, ష్వార్ట్జ్ అనే పరిశోధకులు దీన్ని మూడుగా విడదీశారు: మనిషి లోపలి కొలబద్ద జరగడం, దేనికెంత విలువ ఇస్తామన్నది మారడం, ‘బాగుండటం’ అన్న మాటకే అర్థం మారడం.

పదో ప్రశ్న తీసుకోండి. రోజువారీ పనులకు సరిపడా ఓపిక ఉందా అంటుంది. మొదటిసారి జవాబిచ్చినప్పుడు రోజువారీ పనులంటే ఉద్యోగం, మెట్లు, బయటి తిరుగుడు. ఆరు నెలలకు అవి స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, కిటికీ పక్కన కాసేపు కూర్చోవడం దగ్గరికి వచ్చి ఆగాయి. ఆ మాత్రానికి ఓపిక చాలుతోంది కాబట్టి నిజాయితీగానే 4 వేస్తారు.

దీన్ని పట్టుకోవడానికి ‘దెన్ టెస్ట్’ వాడతారు. రెండోసారి ఫారం నింపగానే, ‘ఆరు నెలల కిందట మీ పరిస్థితి ఎలా ఉండేదని ఇప్పుడనిపిస్తోంది?’ అంటూ అవే ప్రశ్నలు మరోసారి అడుగుతారు. అప్పట్లో ఇచ్చిన స్కోరుకూ ఇప్పుడు వెనక్కి తిరిగి చూసి ఇచ్చిన స్కోరుకూ ఉన్న తేడా, కొలబద్ద ఎంత జరిగిందో చెబుతుంది. చిక్కల్లా జ్ఞాపకంతోనే. ‘అప్పటికంటే నయం’ అనుకోవడంలో ఊరట ఉంటుంది, అందుకని గతం ఉన్నదానికంటే అధ్వానంగా గుర్తుకు రావచ్చు.

అడిగినవారు

రెండు ఫైళ్లలోనూ తిరగేయడం సరిగ్గానే ఉంది. ఆ 47 మందినే పోలిస్తే 47 నుంచి 52. మిగిలిన 5 పాయింట్లను దెన్ టెస్ట్ పెట్టి కొట్టేసి అసలు స్కోరు వేయొచ్చా? వచ్చే విడతలో డిప్రెషన్‌ను కొలిచే 9 ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 కూడా చేర్చాలనుకుంటున్నాం.

జవాబు 3

కొట్టేయకండి. జబ్బుతో బతకడానికి ఆ మనిషి కష్టపడి కుదుర్చుకున్న సర్దుబాటు అది, దాన్ని కొలతలో దోషంగా చూడటం అన్యాయం. మామూలుగా వచ్చిన తేడా, దెన్ టెస్ట్‌తో వచ్చిన తేడా, రెండు అంకెలూ పక్కపక్కనే ఇవ్వండి. వాటికి తోడు, లోపలి కొలబద్ద జరగడానికి అంతగా చోటివ్వని కొలత ఒకటి పెట్టండి. ఎస్ఎఫ్-36 అనే ఆరోగ్య ప్రశ్నావళిలో శారీరక సామర్థ్యం మీద 10 ప్రశ్నలున్నాయి: ఒక అంతస్తు మెట్లెక్కడం, వంగడం, స్నానం లాంటివి. వీలైతే ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టి మీటర్లు రాసుకోండి.

ఫారం ఎప్పుడిస్తున్నారో కూడా చూసుకోండి. హూకాల్ గత 2 వారాల గురించి అడిగినా, డయాలసిస్ అయి లేవగానే చేతికిస్తే ఆ పూట నిస్సత్తువే జవాబు రాస్తుంది. రెండుసార్లూ వారంలో అదే సెషన్‌కు ముందు, అదే పద్ధతిలో ఇవ్వాలి. ఒకసారి వాళ్లే రాసుకుని, ఇంకోసారి నర్సు చదివి వినిపిస్తే పోలిక చెడుతుంది. ప్రతి సెషన్‌లో సూది గుచ్చే మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే ‘బాగానే ఉన్నానమ్మా’ అనేస్తారు.

పీహెచ్‌క్యూ-9 మొత్తం 27కి. అందులో నిద్ర, అలసట, ఆకలి ప్రశ్నలకు కిడ్నీ జబ్బే మార్కులు వేయగలదు. ఆ మూడింటికే 9 రావచ్చు, డిప్రెషన్ ఉండొచ్చని అనుమానించడానికి మామూలుగా వాడే గీత 10. ఆందోళన, డిప్రెషన్‌లను కొలిచే హ్యాడ్స్ ప్రశ్నావళిలో 14 ప్రశ్నలుంటాయి, శారీరక లక్షణాల్ని కావాలనే వదిలేశారు, కాబట్టి మీ పనికి అదే నయం. పీహెచ్‌క్యూయే వాడేటట్టయితే ఆ మూడూ తీసేసిన స్కోరును కూడా విడిగా చూపండి.

అన్నిటికంటే ముఖ్యం తొమ్మిదో ప్రశ్న, చావు గురించి, తనకు తాను హాని చేసుకోవడం గురించి వచ్చే ఆలోచనలు. అక్కడ 0 కాకుండా వేరే టిక్కు కనిపిస్తే ఆ రోజే ఆ మనిషితో ఎవరు మాట్లాడాలి, ఏ డాక్టరుకు చెప్పాలి అన్నది మొదటి ఫారం పంచకముందే రాసి పెట్టుకోండి. ఫారాలు కట్టగట్టి నెలాఖరుకు ఎంటర్ చేసే అలవాటుంటే ఈ ఒక్క పేజీ మాత్రం, మనిషి కుర్చీలోంచి లేవకముందే చూసి తీరాలి.