కొట్టుకొచ్చిన చెక్కకి వార్నిష్ వేశాక తెల్లమచ్చలు

భీమిలి బీచ్‌లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన చెక్క దొరికితే ల్యాంప్ స్టాండ్ చేద్దామని తెచ్చాను, రెండడుగుల పొడవు, మణికట్టంత లావు. టబ్‌లో మంచినీళ్లు పోసి 10 రోజులు నానబెట్టాను, రోజు విడిచి రోజు నీళ్లు మార్చాను. తర్వాత బాల్కనీలో నీడన 2 వారాలు ఆరబెట్టి (వైజాగ్ గాలిలో ఆరడం అంటే తెలుసుగా), 120 నంబర్ ఎమెరీ పేపర్‌తో రుద్ది, పాలియురెథేన్ వార్నిష్ రెండు పూతలు వేశాను. వారం తిరక్కుండానే పగుళ్ల దగ్గర తెల్లటి పొడి తేలింది. అక్కడ గీరి మళ్లీ వేశాను, 5 రోజులకి మళ్లీ అదే కథ. పొడి కాస్త నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగానే ఉంది, చేయకూడదని తెలుసు, ఆగలేకపోయాను.

వార్నిష్ మొత్తం తీసేసి ఇంకోసారి నానబెడదామనుకుంటున్నాను. ఈసారి మళ్లీ పూత వేసేముందు, లోపలి ఉప్పు నిజంగా పోయిందని ఎలా తెలుసుకోవాలి?