సివిల్ 3డీలో బోదె దగ్గర కాంటూర్లు గుండ్రాలుగా విడిపోతున్నాయి, ఎలా సరిచేయాలి?

గుంటూరు_సివిల్:
దుగ్గిరాల వైపు ఒక సైటుకి టోటల్ స్టేషన్ (దూరాలు, ఎత్తులు కొలిచే పరికరం)తో సర్వే చేయించి, పాయింట్ల ఫైలు నా చేతికిచ్చి కాంటూర్ షీట్ (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతల పటం) తీయమన్నారు. అంతా చదునైన వరి చేలు, మధ్యలోంచి పంట బోదె, దానికి అటూ ఇటూ గట్లు. సివిల్ 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఆ పాయింట్లతో సర్ఫేస్ (నేల నమూనా) చేసి, గీతకీ గీతకీ మధ్య అరమీటరు ఎత్తు ఇంటర్వెల్ ఇస్తే చేల మీద గీతలు రెండో మూడో పడ్డాయి. బోదె మాత్రం కాలువలా రావట్లేదు, వరసగా గుంటలు తవ్వినట్టు మూసుకుపోయిన చిన్న గుండ్రాలు వస్తున్నాయి. ఈశాన్యం మూల గీతలన్నీ కుప్పపడి నల్లగా ఉంది, హద్దు బయట కూడా ఏవో పొడుగాటి గీతలు. గీతల్ని నునుపు చేసే స్మూతింగ్ పూర్తిగా పెంచితే గీతలు ఒకదాన్నొకటి దాటేస్తున్నాయి. సోమవారం సార్‌కి చూపించాలి, ఒకటే టెన్షన్.

పటమట_డ్రాఫ్టింగ్:
ముందు ఆ స్మూతింగ్ తీసెయ్ తమ్ముడూ. తప్పు గీతల్లో లేదు, పాయింట్లని కలిపి సర్ఫేస్ కట్టే త్రిభుజాల్లో ఉంది. సర్ఫేస్ స్టైల్లో ట్రయాంగిల్స్ ఆన్ చేసి చూడు. ఆ నల్లటి మూల ఏదో ఒక పాయింటుకి ఎత్తు 0 పడి ఉంటుంది. నేల 12 మీటర్ల దగ్గరుంటే, అక్కణ్ణుంచి సున్నాకి దిగడానికి అరమీటరు చొప్పున ఇరవై నాలుగు గీతలు కావాలిగా మరి. సర్ఫేస్ ప్రాపర్టీస్‌లో డెఫినిషన్, బిల్డ్ కింద ఫలానా ఎత్తు కంటే తక్కువవి వదిలెయ్యమనే ఆప్షన్ ఉంది, అక్కడే త్రిభుజం గరిష్ఠ పొడవు కూడా ఇవ్వొచ్చు. హద్దు బయటి గీతలకి ఔటర్ బౌండరీ గీస్తే సరి.

కృష్ణలంక_సర్వే:
బోదె సంగతి నేను చెప్తా. సాఫ్ట్‌వేర్‌కి అది బోదె అని తెలీదు, దగ్గరగా ఉన్న పాయింట్లని కలుపుకుంటూ పోతుంది. అడుగున తీసిన పాయింట్లు దూరదూరంగా, గట్టు మీదివి దగ్గరగా ఉంటే ఈ గట్టు నుంచి ఆ గట్టుకి త్రిభుజం వేసేస్తుంది. అంటే కంప్యూటర్ నీ బోదెకి మధ్యమధ్యలో అడ్డంగా మట్టికట్టలు వేసినట్టే, రెండు కట్టల మధ్య మిగిలిందే నీ గుండ్రం. అడుగు వెంట ఒకటి, రెండు గట్ల అంచుల వెంట చెరొకటి, గట్టు కింది మొదళ్ల వెంట ఇంకో రెండు బ్రేక్‌లైన్లు (త్రిభుజాలు దాటకూడని గీతలు) ఇవ్వాలి. 3డీ పాలీలైన్‌తో గియ్యి, గీత సరిగ్గా పాయింటుకే అతుక్కునేలా నోడ్ స్నాప్ పెట్టుకో, పాయింటు ఎత్తు గీతకి రావాలంటే ఓస్నాప్‌జెడ్ అనే సెట్టింగ్ విలువ 0 ఉందో లేదో చూసుకో. మామూలు పాలీలైన్ గీసి స్టాండర్డ్ బ్రేక్‌లైన్‌గా ఇచ్చావంటే దాని ఎత్తు సున్నా కాబట్టి బోదె పాతాళానికి పోతుంది. అలా గీసినదాన్నే వాడాలంటే ప్రాక్సిమిటీ టైపు ఇవ్వు, దగ్గరి పాయింట్ల ఎత్తులు అదే తీసుకుంటుంది.

చేల మీద రెండు గీతలే అన్నావు, అంత చదును నేలకి అరమీటరు చాలదు, 0.2 మీటర్లు పెట్టు.

బెజవాడ_మ్యాప్స్:
ఇంత కష్టం ఎందుకు బ్రో, ఇస్రో భువన్ సైట్‌లో కార్టోశాట్ డెమ్ (శాటిలైట్ తీసిన ఎత్తుల డేటా) ఉచితంగా వస్తుంది, క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో వేసి రాస్టర్ మెనూలో కాంటూర్ నొక్కితే ఐదు నిమిషాల పని.

కృష్ణలంక_సర్వే:
మంగళగిరి కొండకో కొండపల్లి వైపుకో అయితే వాడుకోండి, బాగానే ఉంటుంది. ఇక్కడ కాదు. ఆ ఉచిత డెమ్‌లో ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు, గట్లతో సహా బోదె మొత్తం ఒక్క గడిలో కలిసిపోతుంది. ఎత్తులో తేడా మీటర్లలో ఉంటుంది, చెట్ల తలలూ ఇళ్ల కప్పులూ కూడా నేలగా లెక్కేస్తుంది. ఎస్‌ఆర్‌టీఎం అనే ఇంకో ఉచిత డెమ్ అయితే 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి కొలిచింది, ఆ తర్వాత మెరక చేసిన స్థలాలు అందులో ఎక్కడుంటాయి? 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌లో నిలబడ్డప్పుడు చూశాంగా, చదును నేల మీద ఒక అడుగు ఎత్తు తేడా ఎంత పని చేస్తుందో. దాన్ని మీటర్ల తప్పున్న డేటాతో తేలుస్తానంటే ఎట్లా?

గుంటూరు_సివిల్:
అన్నా, వచ్చేసింది! గీతలు గట్ల వెంట సాగుతున్నాయి, అడుగు దగ్గర వి ఆకారంలో ఎగువకి మొన తిరిగి ఉన్నాయి. సున్నా పాయింటు కూడా దొరికింది, ఫైల్లో ఎత్తు ఉండాల్సిన గడే ఖాళీ. ఒక్క డౌటు, బోదె మీదుగా డొంక రోడ్డు వెళ్లే చోట తూము ఉంది. అక్కడ బోదె బ్రేక్‌లైన్లు, రోడ్డు బ్రేక్‌లైన్లు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి.

పటమట_డ్రాఫ్టింగ్:
టిన్ సర్ఫేస్‌లో (అదే, త్రిభుజాలతో కట్టినదాంట్లో) ఒకే చోట రెండు ఎత్తులు కుదరవు. బోదె లైన్లు తూముకి ఇటు ఆపి అటు వైపు మళ్లీ మొదలెట్టు, మీద రోడ్డు అంచుల లైన్లు మాత్రమే ఉండనీ. తూముని విడిగా గీసి ఇన్వర్ట్ లెవెల్స్ (తూము లోపలి అడుగు ఎత్తులు) రాయి. లైన్లు అలాగే దాటనిస్తే ఈవెంట్ వ్యూయర్‌లో క్రాసింగ్ బ్రేక్‌లైన్స్ అని ఎర్రర్లు వరస కడతాయి, షీట్ ఇచ్చే ముందు అది ఒకసారి తెరిచి చూడు.