అప్‌డేట్: మైలోమా ఉన్న నాన్నగారి దగ్గు, పక్కటెముకల నొప్పి

మల్టిపుల్ మైలోమాకు (ఎముక మజ్జలో వచ్చే ఒక రకం రక్త క్యాన్సర్‌కు) చికిత్స పొందుతున్న మా నాన్నగారికి దగ్గు, జ్వరం, ఎడమవైపు పక్కటెముకల నొప్పి వచ్చాయని, జబ్బు ఊపిరితిత్తులకు పాకిందేమోనని గత నెలలో అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ కృతజ్ఞతలు.

మొదట చూపించిన చోట పదిరోజులు దగ్గు మందుతోనే సరిపెట్టారు. ఆ జాప్యం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. చెన్నైలోనే మరో ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీయించగా, ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా, దాని చుట్టూ కొద్దిగా నీరు, మైలోమా వల్ల గుల్లబారిన పక్కటెముకలో పగులు కనిపించాయి. మైలోమాకు ఇచ్చే లెనలిడోమైడ్ అనే మందు వాడేవారిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ కనుక, మూత్రపిండాల పనితీరు చూసుకున్నాకే కాంట్రాస్టు (స్కానులో రక్తనాళాలు స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే మందు) ఇచ్చి, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు లేవని కూడా నిర్ధారించుకున్నారు. తీసిన నీటిలో మైలోమా కణాలు కనబడలేదు.

మైలోమాలో పనికిరాని ఒకే రకం ప్రతిరక్షకం (యాంటీబాడీ) పెరిగిపోయి, కాపాడవలసినవి తగ్గిపోవడం వల్ల న్యుమోనియా సులభంగా వస్తుందనీ, ఎముక నొప్పికి భయపడి లోతుగా ఊపిరి తీయకపోతే కఫం అడుగున నిలిచి అది ఇంకా ముదురుతుందనీ డాక్టరమ్మ వివరించారు. నిజమే, నాన్నగారు దిండును పక్కటెముకలకు అదిమి పట్టుకొని, సగం దగ్గి ఆపేసేవారు. నొప్పి మందు సరిపడా అందిన తరువాతే లోతుగా ఊపిరి పీల్చడం సాధన చేయించే మూడు బంతుల స్పైరోమీటరులో రెండో బంతి పైకి లేచింది.

యాంటీబయాటిక్ కోర్సు ముగిసి ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకాకల్ టీకా ఎప్పుడు వేయాలో తదుపరి సందర్శనలో చెబుతామన్నారు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రయినా తీసుకురమ్మన్నారు.