పెట్టలు, పుంజులు కలిపి పెంచేవాళ్లు ఏ మేత వేస్తున్నారు?

పాలకొల్లు పెరడు: మా దొడ్లో నాటు పెట్టలు, పుంజులు, ఎదిగే పిల్లలు అన్నీ కలిసే తిరుగుతాయండి. లేయర్ మేత వేస్తే గుడ్లు బాగానే ఉన్నాయి, కానీ పుంజులూ అదే తింటున్నాయి. విడదీసే చోటు లేదు. ఏం వేయాలి? వానాకాలంలో బస్తా ఎక్కడ పెడుతున్నారు?

రాజోలు డేగ: పుంజుకి బస్తా మేతేంటండీ! గంట్లు, చోళ్లు నానబెట్టి పెట్టండి. సంక్రాంతి దగ్గరపడితే బాదం, ఖైమా. మా డేగ పుంజు మెడ మీద ఈక చూస్తే మీకే తెలుస్తుంది.

తణుకు షెడ్డు: ఆయన అడిగింది పందెం పుంజు గురించి కాదు. లేయర్ షెడ్లలోనే నా వయసంతా గడిచింది, చెబుతున్నా వినండి. లేయర్ మేతలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. అది గుడ్డు పెట్టే పెట్టకి. పుంజుకి, పిల్లకి 1 శాతం చాలు. మిగిలిందంతా మూత్రపిండాల మీద పడుతుంది. అలా చచ్చిన కోడిని కోసి చూస్తే లోపల సుద్ద పూసినట్టు తెల్లగా ఉంటుంది. అన్నిటికీ ఎదిగే కోళ్లకిచ్చే గ్రోయర్ మేత వేసి, కాల్షియం కోసం ఆల్చిప్పల గుల్ల వేరే చిప్పలో పెట్టండి. పెట్టలు కావలసినంత తింటాయి, పుంజులు పెద్దగా ముట్టవు.

భీమవరం చెరువు: ఇంత హైరానా ఎందుకు? చెరువు దగ్గర మిగిలిన రొయ్యల మేత వేస్తాం. పెట్ట, పుంజు రెండూ పుష్టిగా ఉన్నాయి.

తణుకు షెడ్డు: రొయ్యల మేతలో ప్రొటీన్ 35 శాతం దాకా ఉంటుంది, పెట్టకి 16, 17 చాలు. పైగా అందులో చేపపొడి. గుడ్డు నీచు వాసన కొడుతుంది.

భీమవరం చెరువు: మా గుడ్లు తిన్నవాళ్లెవరూ ఆ మాట అనలేదు. మీరొచ్చి వాసన చూశారా?

తణుకు షెడ్డు: గట్టు మీద మూతి విప్పిన బస్తా చెమ్మ పట్టి బూజు రాదా? బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. ఎండబెట్టినా పోదు. పెద్దవాళ్లు చెబితే వినరేం?

భీమవరం చెరువు: పెద్దరికం మీ షెడ్లో చూపించుకోండి. మా బస్తాలు గదిలో, చెక్కల మీదే ఉంటాయి.

మండపేట అక్క: గొడవ ఆపండయ్యా. నాకు పెంకు గట్టిపడని తోలుగుడ్ల బాధ ఉండేది. నూకలు, తవుడు తప్ప వేరే మేత లేదు మరి. తవుడులో కాల్షియం దాదాపు ఉండదు. ఇప్పుడు గుడ్డు పెంకులు పెనం మీద వేయించి, మెత్తగా నలిపి పెడుతున్నాను. పెంకు ఆకారం తెలిసేలా మాత్రం వేయకండి, గుడ్లు పొడుచుకు తినడం మరుగుతాయి.

లంక రైతు: మేత సరే, కొక్కెర తెగులుకి టీకా వేయించారా? అది తగిలితే ఏ మేతా కాపాడదు. మా లంకలో గూళ్లన్నీ ఖాళీ అయ్యాయి.

రాజోలు డేగ: టీకా వేసిన వారం పుంజు నీరసపడుతుంది. ముందు బలమైన తిండి పెట్టాలి.

పాలకొల్లు పెరడు: గ్రోయర్‌కి మారుస్తానండి. గుల్ల పొడి కొనాలా, పలుకులా?

తణుకు షెడ్డు: పలుకులే. పొడి తొందరగా కరిగిపోతుంది. పెంకు కట్టేది ఎక్కువగా రాత్రిపూట, పలుకైతే అప్పటిదాకా కడుపులో నిలుస్తుంది. సాయంత్రం గూట్లోకి వెళ్లేముందు చిప్పలో గుల్ల ఉందో లేదో చూసుకోండి.