ఆన్‌లైన్ టీచింగ్ ఇన్నోవేషన్ అవార్డు: కొత్త టూల్ ఏదీ వాడలేదు, అయినా అప్లై చెయ్యొచ్చా?

స్టాట్స్ టీచర్, కాలిఫోర్నియా

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో (ఎక్కువగా రెండేళ్ల కోర్సులుండే ప్రభుత్వ కాలేజీ) ఆరేళ్లుగా స్టాటిస్టిక్స్ చెప్తున్నాను. అడ్జంక్ట్‌ని, అంటే ప్రతి సెమిస్టర్‌కీ క్లాసు ఇస్తేనే పని. క్లాసంతా ఆన్‌లైనే, లైవ్ కూడా ఉండదు, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు కాన్వాస్‌లో (పాఠాలూ క్విజ్‌లూ పెట్టే కాలేజీ వెబ్‌సైట్) చూసుకుని చదువుకుంటారు. పిల్లలు అని అలవాటుగా అంటాను గానీ 19 ఏళ్ల వాళ్లూ ఉంటారు, 50 దాటిన నర్సింగ్ అసిస్టెంట్లూ ఉంటారు.

ఈ ఏడాది మా కాలేజీలో ఆన్‌లైన్ టీచింగ్‌లో ఇన్నోవేషన్‌కి అవార్డు పెట్టారు, మా డిపార్ట్‌మెంట్ చైర్ నన్ను అప్లై చెయ్యమన్నారు. ఫారం తెరిస్తే మొదటి ప్రశ్నే మీరు తెచ్చిన కొత్త టెక్నాలజీ ఏంటి అని. నేనేమీ తేలేదండి.

అసలు జరిగింది చెప్తాను. మూడేళ్ల కిందట ఒకబ్బాయి, గోడౌన్‌లో నైట్ షిఫ్ట్, క్విజ్‌లన్నీ తెల్లవారుజామున 4 గంటలకి సబ్మిట్ చేసేవాడు. బాగానే చేసేవాడు, టేబుల్ ఉన్న ప్రశ్నలకి మాత్రం ప్రతిసారీ సున్నా. ఏంటి నాన్నా సంగతి అని అడిగితే స్క్రీన్‌షాట్ పంపాడు. ఫోన్‌లో నా టేబుల్ సగానికి తెగిపోయింది, నాలుగు కాలమ్స్‌లో రెండే కనిపిస్తున్నాయి. వాడికి లాప్‌టాప్ లేదు, ఆ సెమిస్టర్ అంతా బ్రేక్ టైమ్‌లో ఫోన్ మీదే చదివాడు, నేనేమో కళ్లు మూసుకుని సున్నాలు వేసుకుంటూ పోయాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత సెలవుల్లో లాప్‌టాప్ పక్కన పెట్టి కోర్సు మొత్తం ఫోన్‌లో తెరుచుకుని ఒక్కో పేజీ తిరగరాశాను. టేబుళ్లు చిన్నవి చేశా, 40 నిమిషాల వీడియోలని 6, 7 నిమిషాల ముక్కలు చేసి క్యాప్షన్లు పెట్టా, ఆదివారం రాత్రి 11:59 గడువుని సోమవారం మధ్యాహ్నానికి మార్చా. మొదటి వారంలో మార్కుల్లేని ప్రశ్న ఒకటి పెడతాను, మీరు ఎప్పుడు చదువుతారు, దేని మీద చదువుతారు, ఆ టైమ్‌లో పక్కన ఎవరుంటారు అని. రెండో వారానికి కూడా లాగిన్ అవ్వనివాళ్లకి నేనే ఫోన్ చేస్తాను. లెక్కలకి డేటా కూడా వాళ్లదే, పనికి చేరడానికి రోజూ ఎన్ని నిమిషాలు పట్టిందో రెండు వారాలు అందరూ ఒకే షీట్‌లో రాస్తారు. బస్సు మిస్సయిన ఒక్కరోజు మీన్‌ని (సగటు) ఎంత పైకి లాగిందో, మీడియన్ (వరసలో పెడితే మధ్యలో వచ్చే అంకె) ఎందుకు కదల్లేదో వాళ్లకి వాళ్లే కనిపెడతారు.

మధ్యలో వదిలేసేవాళ్లు బాగా తగ్గారు. ఇది ఇన్నోవేషన్ అంటారా? అప్లికేషన్‌లో ఏం రాయాలి?

వర్జీనియా పంతులు

మేడమ్, మీరు చేసింది చాలా మంచి పని, కానీ నిజాయితీగా నా అభిప్రాయం చెప్తాను, ఫోన్ చేయడం, గడువు మార్చడం లాంటివి ఇన్నోవేషన్ అనను. స్టూడెంట్‌తో క్రమం తప్పకుండా, సబ్జెక్టుకి సంబంధించి మాట్లాడుతుండాలని ఫెడరల్ రూలే ఉంది కదా, అది లేకపోతే ఆన్‌లైన్ కోర్సుని కరెస్పాండెన్స్ కోర్సు కింద లెక్కేస్తారు, ఫైనాన్షియల్ ఎయిడ్‌కి కూడా చిక్కొస్తుంది. అందరూ చెయ్యాల్సిన పనికి అవార్డిస్తే చెయ్యనివాళ్లకి అది ఐచ్ఛికం అనిపిస్తుందేమోనని నా బాధ.

మా రాష్ట్రంలో టైడ్‌వాటర్ కమ్యూనిటీ కాలేజీ 2013లో ఒక డిగ్రీ మొత్తాన్ని టెక్స్ట్‌బుక్ ఖర్చు లేకుండా పెట్టింది, జెడ్-డిగ్రీ (Z-Degree, Z అంటే జీరో ఖర్చు) అంటారు. ఇన్నోవేషన్ అంటే నా లెక్కలో అది, ఒక్క క్లాసుతో ఆగిపోకుండా కాలేజీ పద్ధతే మారింది.

కమిటీలో కూర్చున్నవాణ్ణి

వర్జీనియా సార్ చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటా. రూల్ ఉందన్నది నిజమే. కానీ రూల్ పాటించడానికి వారానికో అనౌన్స్‌మెంట్ పడేసి చేతులు దులుపుకునేవాళ్లూ ఉన్నారు, ఏ టైమ్‌లో ఏ ఫోన్ మీద చదువుతున్నావని అడిగి దాన్నిబట్టి కోర్సే తిరగరాసినవాళ్లూ ఉన్నారు. రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

నేను రెండేళ్లు ఇలాంటి కమిటీలో ఉన్నాను (టెక్సాస్). వచ్చే అప్లికేషన్లలో ఎక్కువ భాగం ఫలానా యాప్ వాడాను, స్టూడెంట్లకి బాగా నచ్చింది అనే ఉంటాయి, ఏ ఇబ్బంది తీర్చడానికి వాడారో ఉండదు. ఒకసారి వీఆర్ హెడ్‌సెట్ల ప్రాజెక్టుకి ఇచ్చాం, వాటితో క్లాసు చెప్పిన ఆయన వేరే ఊరు వెళ్లిపోయాక అవి బీరువాలోనే ఉండిపోయాయి. అప్పటినుంచి నేను చదివేటప్పుడు ఒక్కటే చూసేవాణ్ణి, ఈ మనిషి రేపు లేకపోయినా పక్క టీచర్ ఇది చెయ్యగలరా అని.

కాబట్టి మేడమ్, మీరు టెక్నాలజీ ప్రశ్న దగ్గర నీళ్లు నమలకండి. మొదట ఆ స్క్రీన్‌షాట్ పెట్టండి. తర్వాత మార్పుకి ముందు, తర్వాత ఎంతమంది చివరిదాకా ఉన్నారో, ఎంతమంది సి గానీ అంతకన్నా మంచి గ్రేడ్ గానీ తెచ్చుకున్నారో మీ రిజిస్టర్ తీసి రాయండి, ఒక్క సెమిస్టర్ కాకుండా మూడు నాలుగు కలిపి (స్టాటిస్టిక్స్ మేడమ్‌కి శాంపిల్ సైజు గురించి నేను చెప్పక్కర్లేదు). ఎవరికి ఎక్కువ మేలు జరిగిందో కూడా విడదీసి చూపించండి. షు, జాగర్స్ అని ఇద్దరు పరిశోధకులు వాషింగ్టన్ రాష్ట్రం కమ్యూనిటీ, టెక్నికల్ కాలేజీల్లో 40,000 మందికి పైగా స్టూడెంట్ల రికార్డులు చూశారు. ఆన్‌లైన్‌కి మారితే అందరికీ ఎంతోకొంత దెబ్బ తగిలింది, మగపిల్లలకి, వయసులో చిన్నవాళ్లకి, నల్లజాతి విద్యార్థులకి, ముందునుంచే గ్రేడ్లు తక్కువున్నవాళ్లకి ఇంకా గట్టిగా తగిలింది. మీ పని సరిగ్గా అక్కడే ఉంది.

బే ఏరియా అడ్జంక్ట్

మేడమ్ నేనూ మీలాగే, రెండు కాలేజీల మధ్య కారులో తిరిగే బాపతు, ఇక్కడ ఫ్రీవే ఫ్లయర్స్ అంటారు మనల్ని. ఒక కాలేజీ డిస్ట్రిక్ట్‌లో (కొన్ని కాలేజీలు కలిపి నడిపే సంస్థ) మనకి ఫుల్‌టైమ్ టీచర్ పనిలో 67 శాతం మించి ఇవ్వరు కదా, అందుకే ఇంకో చోటికి పరిగెత్తాలి.

మీ కాలేజీలో పీఓసీఆర్ ఉందేమో కనుక్కోండి, అంటే తోటి టీచర్లు మీ కోర్సుని సీవీసీ (కాలిఫోర్నియా వర్చువల్ క్యాంపస్) రూబ్రిక్ ప్రకారం, అంటే వాళ్ల కొలమానాల పట్టిక ప్రకారం చూసి పాస్ చేస్తారు. పాసైతే కోర్సుకి క్వాలిటీ రివ్యూడ్ అని గుర్తింపు వస్తుంది, చాలా కాలేజీలు స్టైపెండ్ కూడా ఇస్తాయి. నాకు యాక్సెసిబిలిటీ (చూపు, వినికిడి లాంటి ఇబ్బందులున్నవాళ్లకీ కోర్సు అందేలా చెయ్యడం) సెక్షన్ దగ్గర తలప్రాణం తోకకొచ్చింది, ప్రతి బొమ్మకీ వివరణ రాయాలి, ప్రతి పేజీలో హెడింగులు వరసగా ఉండాలి. కానీ మీరు ఫోన్ కోసం చేసినదాంట్లో చాలా భాగం అక్కడ పనికొస్తుంది.

ఇంకోటి, సెలవుల్లో తిరగరాశానన్నారు, ఆ గంటలకి మీకెవరూ పైసా ఇవ్వలేదని నాకు తెలుసు. కమ్యూనిటీ కాలేజీ టీచర్లలో మూడింట రెండొంతుల మంది పార్ట్‌టైమ్ వాళ్లే, ఆన్‌లైన్‌లో కొత్తగా ఏది పుట్టినా చాలావరకు మన సొంత టైమ్‌లోనే పుడుతుంది. ఎన్ని గంటలు పట్టిందో అప్లికేషన్‌లో తప్పకుండా రాయండి, షీల్డు ఇచ్చి ఫొటో తీస్తే సరిపోదు, వచ్చే సెమిస్టర్‌కి ఇలాంటి పని గంటలకి డబ్బు కట్టి ఇవ్వమనండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నట్టు ఇక్కడ వస్తే బయటి సంస్థల అవార్డులకి కూడా పంపొచ్చు.

డల్లాస్ అమ్మ

నేను టీచర్ని కాదు, స్టూడెంట్‌ని. హెచ్4 వీసా (ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చేది) మీద వచ్చి తొమ్మిదేళ్లు ఖాళీగా ఉండి పిల్లలు స్కూలుకెళ్లాక ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ ఆన్‌లైన్‌లో చేశాను. రాత్రి గిన్నెలు తోముకుని పదిన్నరకి కూర్చునేదాన్ని. మొదటి అసైన్‌మెంట్‌లో డెబిట్లూ క్రెడిట్లూ తారుమారు చేశాను, ఇంక మానేద్దామనుకున్నా. మా మేడమ్ మార్కు కింద రెండు నిమిషాల ఆడియో పెట్టారు, నా పేరు సరిగ్గా పలికి, మూడో లైన్ దాకా నువ్వు రైటే, అక్కడినుంచి మళ్లీ చెయ్యి అని. అది నాలుగుసార్లు విన్నాను, మా ఆయనకి కూడా వినిపించాను.

ఆవిడకి ఏ అవార్డూ రాలేదు. రాయమని మమ్మల్నీ ఎవరూ అడగలేదు, అడిగుంటే పది పేజీలు రాసేదాన్ని. అక్కా, మీ స్టూడెంట్లని అడగండి.

స్టాట్స్ టీచర్, కాలిఫోర్నియా

అందరికీ చాలా థాంక్స్ అండి. వర్జీనియా సార్, మీ మాట గట్టిగానే తగిలింది, అందుకే ఫోన్ కాల్స్‌ని ఇన్నోవేషన్ అని రాయట్లేదు, ఫోన్ మీద చదివేవాళ్ల కోసం కోర్సు ఎలా కట్టాలో చిన్న గైడ్‌లా రాసి జతచేస్తున్నాను, మా డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు వచ్చే సెమిస్టర్ వాడి చూస్తామన్నారు. గంటలు లెక్కేస్తే 110 తేలాయి, అదీ రాశాను. నిన్న ఆ అబ్బాయికి మెయిల్ పెట్టాను, పేరు చెరిపేసి స్క్రీన్‌షాట్ వాడుకోమన్నాడు. ఇప్పుడు పగటి షిఫ్ట్ అట. గడువు శుక్రవారం, మొదటి పేజీలో ఆ తెగిన టేబులే పెడుతున్నాను.